ఈ బండి ఏ సంవత్సరపు మోడలు?

జనగామలోగాని, మహబూబాబాదులోగాని, భూపాలపల్లిలోగాని పాత బండి బేరమునకు వచ్చినప్పుడు కొనువాడు మొట్టమొదట అడుగు ప్రశ్న ఒకటే: "ఇది ఏ మోడలు?" అమ్మువాడు "2016" అనును. ఇద్దరికిని అర్థమైనట్లే యుండును. కాని ఆ 2016 దేని సంవత్సరము? కర్మాగారములో బండి పూర్తియైన సంవత్సరమా? షోరూములో అమ్ముడైన సంవత్సరమా? రవాణా శాఖవారు నంబరు ఇచ్చిన సంవత్సరమా? లేక ఆ రకపు బండికి రూపకల్పన జరిగిన సంవత్సరమా? ఈ నాలుగును ఒక్కటే కావలెనను నియమమేదియు లేదు. ఒక్కొక్కప్పుడు నాలుగును నాలుగు వేర్వేరు సంవత్సరములు కావచ్చును.

"మోడలు" అను మాట అమెరికాలో పుట్టినది. అక్కడ దానికి చట్టములో ఒక నిర్వచనము కలదు. ఆ మాట మన ఊళ్లకు వచ్చినది గాని, దాని నిర్వచనము వెంట రాలేదు. అందుచేత అమ్మువాడు ఒక అర్థములోను, కొనువాడు మరియొక అర్థములోను దానిని వాడుచుందురు. ఈ రెండు అర్థముల నడుమ వేల రూపాయల తేడా యుండును. 2017లో ఈ దేశమున కొన్ని లక్షల బండ్ల విషయమై సుప్రీంకోర్టు తేల్చవలసివచ్చిన ప్రశ్నయు ఇదే: బండికి ముఖ్యమైన తేదీ అది తయారైన తేదీయా, అమ్ముడైన తేదీయా?

ముందుగా బండికి పైకి కనబడు గుర్తును చూతము. జనగామ కూడలిలో పది నిమిషములు నిలిచి నంబరు పలకలను చదివినచో ఈ ప్రాంతపు పరిపాలనా చరిత్ర అంతయు తెలియును. "ఏ.పి. 36" అని యున్నది 1988 మోటారు వాహనముల చట్టము 1989 జూలైలో అమలులోనికి వచ్చిన తరువాత, ఉమ్మడి వరంగల్లు జిల్లాకు ఇచ్చిన గుర్తు. "టి.ఎస్. 03" అని యున్నది 2014 జూన్‌లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన తరువాత అదే వరంగల్లుకు వచ్చిన గుర్తు. 2016 అక్టోబరు 11న, విజయదశమినాడు, కొత్త జిల్లాలు ఏర్పడినవి. జయశంకర్ భూపాలపల్లికి 25, మహబూబాబాదుకు 26, జనగామకు 27 సంఖ్యలు వరుసగా లభించినవి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లినుండి ములుగు విడివడి 37వ సంఖ్యను పొందినది. కనుక ములుగులో నేడు తిరుగు బండ్లలో కొన్నింటిపై 25 యుండుటలో వింత లేదు. 2024 మార్చి 15 నుండి కొత్త బండ్లకు "టి.ఎస్." స్థానమున "టి.జి." వచ్చినది. పాత పలకలు పాతవిగనే యున్నవి.

ఇంత చరిత్రను చెప్పు పలక బండి ఎప్పుడు పుట్టినదో మాత్రము చెప్పదు. 2016 ఆగస్టులో పూనా ప్రాంతపు కర్మాగారములో పూర్తియైన ఒక మోటారుసైకిలు నవంబరులో భూపాలపల్లిలో రిజిస్టరు అయినదనుకొందము. దానిపై "టి.ఎస్. 25" అని యుండును. ఆ బండి తయారైన నాటికి భూపాలపల్లి జిల్లాయే లేదు! ఇది వట్టి చమత్కారము కాదు. పలక రిజిస్ట్రేషనుకు సాక్షియే కాని, తయారీకి సాక్షి కాదు.

ఇక మోడలు సంవత్సరపు కథ. హెన్రీ ఫోర్డు తన "టి" మోడలు కారును 1908 నుండి 1927 వరకు తయారు చేసెను. పందొమ్మిది సంవత్సరములలో కోటి యేబది లక్షలకు పైగా బండ్లు వెలువడినవి. అందులో మార్పులు జరుగకపోలేదు గాని, ఏటేటా కొత్త రూపము ఇయ్యవలెనను ఉద్దేశము ఫోర్డునకు లేదు. చౌకగా, గట్టిగా, ఒకే తీరుగా చేయుటయే అతని పద్ధతి. 1920ల నడుమకు వచ్చుసరికి అమెరికాలో కారు కావలసినవారిలో చాలమందికి కారు ఉన్నది. ఉన్నవానిచేత మరల కొనిపించుట ఎట్లు? 1923లో జనరల్ మోటార్సు సంస్థకు అధ్యక్షుడైన ఆల్ఫ్రెడ్ స్లోన్ దీనికి ఉపాయము కనుగొనెను. ప్రతి సంవత్సరము బండియొక్క ఆకారమునో, రంగునో, అలంకారమునో కొంత మార్చి, దానికి ఆ సంవత్సరపు పేరు పెట్టి అమ్మవలెను. అప్పుడు నిరుటి బండి చెడిపోకపోయినను పాతబడినట్లు కనబడును. సైకిళ్ల తయారీదారులు 1890లలోనే ఈ తంత్రమును ప్రయోగించియుండిరి. కాని దానిని ఒక వ్యవస్థగా నిలబెట్టిన ఘనత, లేక నింద, కార్ల పరిశ్రమకే చెందును.

ఆ సంవత్సరము పంచాంగపు సంవత్సరముతో సరిపోయియున్నచో చిక్కే యుండెడిది కాదు. తొలుత కొత్త మోడళ్ల ప్రదర్శనలు జనవరి ప్రాంతమున జరుగుచుండెను. వసంతములో అమ్మకములు ఉప్పొంగి, శరత్తు నాటికి పడిపోయెడివి. కర్మాగారములలో పనివారికి కొన్ని నెలలు విపరీతమైన పని, కొన్ని నెలలు పస్తులు. ఆర్థిక మాంద్యపు దినములలో ఇది ఘోరమైన సమస్యయైనది. రూజ్వెల్టు ప్రభుత్వము 1935లో కొత్త మోడళ్లను శరత్తులోనే విడుదల చేయునట్లు పరిశ్రమను ప్రోత్సహించెను. అమ్మకములు తగ్గు కాలమున కొత్త బండ్ల ఆకర్షణ వచ్చిచేరినచో పని సంవత్సరమంతయు సమముగ పరచుకొనునని ఆలోచన. అందుచేత 1935 శరత్తులో తయారైన బండ్లు "1936 మోడళ్లు" అయినవి. ఆనాటినుండి అమెరికా కారు తన పుట్టినరోజుకంటె ముందు నడచుచునే యున్నది. ఈ ఏర్పాటునకు కారణము మోసము కాదు, పనివారి కూలి యని గుర్తించుట న్యాయము.

తరువాత చట్టము కూడ ఈ వాడుకను అంగీకరించినది. వాహన గుర్తింపు సంఖ్యలకు సంబంధించిన అమెరికా నిబంధనలో మోడలు సంవత్సరమనగా ఒక రకపు బండిని గుర్తించుటకు వాడు సంవత్సరమనియు, ఆ బండి నిజముగా ఏ సంవత్సరమున తయారైనదన్నదానితో దానికి పని లేదనియు, అయితే ఉత్పత్తి కాలము 24 నెలలు మించరాదనియు ఉన్నది. పొగకు సంబంధించిన చట్టములో మరియొక నిర్వచనమున్నది: ఏ సంవత్సరపు పేరు పెట్టిరో ఆ సంవత్సరపు జనవరి 1వ తేదీ ఆ ఉత్పత్తి కాలములో పడవలెను. పేరునకు, పుట్టుకకు ఎంత దూరముండవచ్చునో చట్టమే కొలిచి పెట్టినదన్నమాట.

ఇందులో కొన్ని వినోదములు కలవు. ఫోర్డు సంస్థవారి ముస్టాంగ్ కారు ఉత్పత్తి 1964 మార్చి 9న మొదలై, ఏప్రిలు 17న అమ్మకమునకు వచ్చినది. అప్పటికి 1964 మోడళ్ల కాలము సగము గడచినది. సంస్థ వాటన్నిటిని 1965 బండ్లుగానే లెక్క వ్రాసినది. కాని అభిమానులు ఆ తొలి నెలల బండ్లను నేటికిని "అరువది నాలుగున్నర" అని పిలుతురు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున మరియొక విచిత్రము జరిగినది. 1942 ఫిబ్రవరిలో అమెరికాలో పౌరులకొరకు కార్లు చేయుట ఆగిపోయినది. 1945లో తిరిగి మొదలైనప్పుడు వెలువడినవి "1946 మోడళ్లు". వాటిలో చాల భాగము 1942 బండ్లే, ముందుభాగపు అలంకారము కొంత మారినది.

హైదరాబాదు సంస్థానములో పెరిగిన పెద్దలకు ఇట్టి సంవత్సరము కొత్తది కాదు. ఇక్కడి సర్కారు కాగితములపై ఫసలీ సంవత్సరము నడచుచుండెను. అజూరు నెలతో, అనగా అక్టోబరు 6వ తేదీ ప్రాంతమున, కొత్త సంవత్సరము మొదలయ్యెడిది. పంట చేతికివచ్చు కాలమును, శిస్తు వసూలును అనుసరించి ఏర్పడిన లెక్క అది. ఫసలీ సంఖ్యకు 590 కలిపినచో సంవత్సరారంభపు క్రీస్తు శకము వచ్చును. జనవరి దాటిన తరువాత 591 కలుపవలెను. నిజాం రాష్ట్ర రైల్వేకు చెందిన రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో ఆరంభమైనది. దఫ్తరు లెక్కలో అది ఫసలీ 1341. బస్సులు స్కాట్లండులోని ఆల్బియన్ సంస్థ తయారుచేసినవి. అక్కడి కర్మాగారపు తేదీ ఒకటి, ఇక్కడి దఫ్తరు తేదీ మరొకటి. అజూరులో కొనిన వస్తువును డిసెంబరులో కొనిన వస్తువుతో ఒకే సంవత్సరమున వ్రాసికొనుట, మరుసటి జూన్‌లో కొనినదానిని కూడ అందులోనే చేర్చుట ఆనాటి గుమాస్తాలకు సహజమే. అమెరికా కర్మాగారమును శిస్తు దఫ్తరును ఒకే గాటికి కట్టుట అసంగతముగ తోచవచ్చును గాని, రెండు చోట్లను సంవత్సరమునకు మొదలు నిర్ణయించినది సూర్యచంద్రులు కాదు, ఆర్థికావసరము.

హైదరాబాదునకే చెందిన మరియొక బండి ఈ విషయమున గొప్ప ఉదాహరణము. చౌమహల్లా ప్యాలెసులో నున్న పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టు కారును ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ తెప్పించదలచెను. బండి రాకమునుపే 1911 ఆగస్టులో ఆయన చనిపోయెను. కారు ఏడవ నిజాం కాలములో చేరినది. దానిని సాధారణముగ 1912 నాటి కారని చెప్పుదురు. ఆ దినములలో రోల్స్‌రాయిస్ సంస్థ చాసిస్‌ను, ఇంజనును మాత్రమే చేసి యిచ్చెడిది. పైభాగమును లండనులోని బార్కర్ సంస్థ కట్టినది. ఆర్డరు చేసిన సంవత్సరము, చాసిస్ పూర్తియైన సంవత్సరము, బాడీ కట్టిన సంవత్సరము, యజమాని చేతికి వచ్చిన సంవత్సరము: ఇట్టి బండికి ఏది పుట్టుక? కొనగోరినవాడు రాజు, వాడుకొనినవాడు మరియొక రాజు.

ఇది రాజుల కార్ల ముచ్చటయే కాదు. భూపాలపల్లి బొగ్గు గనులనుండి చెల్పూరు విద్యుత్ కేంద్రమువైపు సాగు దారులలో కనబడు లారీలను చూడుడు. పెద్ద లారీలకు, బస్సులకు చాసిస్ ఒకచోట, బాడీ వేరొకచోట తయారగుట నేటికిని కలదు. చాసిస్ డిసెంబరులో కర్మాగారమునుండి వెడలి, బాడీ కట్టించుకొని ఫిబ్రవరిలో రిజిస్ట్రేషనుకు రావచ్చును. అందుకే బాడీ కట్టినవారు ఇయ్యవలసిన ధ్రువపత్రమునకు 22-ఎ అను వేరొక ఫారము ఏర్పడినది. హైదరాబాదులో 1942లో స్థాపితమైన ఆల్విన్ కర్మాగారము కూడ ఆల్బియన్ చాసిస్‌లపై బస్సు బాడీలు కట్టినదే. మహబూబాబాదు మిర్చి మార్కెట్టుకు వచ్చు ట్రాక్టర్ల సంగతి ఇంకను చక్కనిది. ఇంజనుకు ఒక నంబరు, వెనుక ట్రాలీకి ఇంకొక నంబరు. కర్మాగారములో పుట్టిన ట్రాక్టరును, ఊరి వెల్డింగు షెడ్డులో పుట్టిన ట్రాలీని కలిపి జనము ఒకే "బండి" అందురు.

స్వతంత్ర భారతమున చాలకాలము మోడలు సంవత్సరమను మాటకు పనియే లేకుండెను. ఇంగ్లండులో 1956లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు కలకత్తా సమీపమందలి ఉత్తర్‌పారాలో అంబాసిడరుగా అవతరించి, 2014 మే వరకు వెలువడుచునే యుండెను. ఫియట్ 1100-డి కారు బొంబాయిలో 1964 నుండి సుమారు 2000 వరకు తయారై, పద్మినిగా పేరుపొందెను. అంబాసిడరులో మార్పు వచ్చినప్పుడు "మార్క్ 2", "మార్క్ 3", "మార్క్ 4" అనిరే గాని సంవత్సరపు పేరు పెట్టలేదు. పెట్టుటకు అవసరమేమి? కొనువారు వరుసలో నిలిచియుండగా, నిరుటి బండి పాతదని నమ్మింపవలసిన పని అమ్మువానికి లేదు. బజాజ్ స్కూటరునకు కొన్ని కాలములలో పది సంవత్సరములు వేచియుండవలసి వచ్చెను. ఆనాటి కుటుంబములలో జ్ఞాపకముండు సంవత్సరము బండి తయారైనది కాదు, బుక్ చేసినది. 2010లో రూపకల్పన చేసి 2010లోనే అమ్మిన కారుకును, 1956 నాటి రూపముతో 2010లో తయారైన అంబాసిడరుకును రిజిస్ట్రేషను పుస్తకమున వ్రాయు సంవత్సరము ఒక్కటే. రూపము వయస్సు ఏ కాగితమునకును ఎక్కదు.

మన దేశమున చట్టము చివరకు తయారీ తేదీని పట్టుకొనినది. కేంద్ర మోటారు వాహనముల నియమములలో 122వ నియమము, 1993 సవరణ తరువాత, ప్రతి మోటారు వాహనముపై తయారైన నెలను, సంవత్సరమును తెలుపు గుర్తింపు సంఖ్య చెక్కబడవలెనని విధించినది. రిజిస్ట్రేషను పత్రములో కూడ తయారైన నెల, సంవత్సరము వేరుగ, రిజిస్ట్రేషను తేదీ వేరుగ నుండును. అనగా "ఏ మోడలు?" అను ప్రశ్నకు ఖచ్చితమైన జవాబు అమ్మువాని నోటిలో కాక, అతని జేబులోని పత్రములో నున్నది.

చాసిస్ సంఖ్యలో నేడు 17 స్థానములు ఉండును. అమెరికాలో 1981 నుండి ఇది నియమమైనది. అందులో పదవ స్థానము సంవత్సరమునకు గుర్తు. 1980కి ఇంగ్లీషు అక్షరము "ఎ", 1981కి "బి", ఇట్లు సాగును. అంకెలతో పొరపడు "ఐ", "ఓ", "క్యూ" అక్షరములను ఏ స్థానమునను వాడరు. సంవత్సరపు స్థానమున "యు", "జెడ్", సున్న కూడ నిషిద్ధములు. అక్షరములు ముగిసిన తరువాత 2001 నుండి 2009 వరకు 1 నుండి 9 అంకెలు. 2010లో మరల "ఎ". కావున "పి" అని యున్నచో అది 1993 కావచ్చును, 2023 కావచ్చును. భారతీయ సంస్థలలో కొన్ని ఈ స్థానమున మోడలు సంవత్సరమును గాక తయారైన సంవత్సరమునే వ్రాయును. నెలను తెలుపు అక్షరపు స్థానము సంస్థనుబట్టి మారును. అందుచే తయారీదారుని పట్టిక లేకుండ ఊహించి చదువుట ప్రమాదకరము.

ముప్పది ఏండ్లకు తిరిగివచ్చు ఈ చక్రమును చూచినప్పుడు మన ప్రభవాది అరువది సంవత్సరములు జ్ఞాపకము రాకపోవు. పాలంపేటలోని రామప్ప గుడి శాసనము శ్రీముఖ సంవత్సరమును పేర్కొనుచున్నది. శ్రీముఖ మొకటే చెప్పియున్నచో అది ఏ శ్రీముఖమో తెలియదు గదా! అందుచే శాసనకర్త శక సంవత్సరము 1135 అని కూడ వ్రాయించెను. దానికి 78 కలిపినచో క్రీ. శ. 1213. అమెరికా నిబంధనకర్తలకును ఇదే ఉపాయము తోచినది. 2010లో "ఎ" తిరిగివచ్చినప్పుడు, కార్ల విషయమున ఏడవ స్థానములో అంకె యున్నచో పాత చక్రమనియు, అక్షరమున్నచో కొత్త చక్రమనియు నిర్ణయించిరి.

పత్రము లేనప్పుడు బండియే సాక్ష్యము చెప్పును. టైరు ప్రక్కన నాలుగు అంకెల గుర్తుండును. "2316" అని యున్నచో 2016వ సంవత్సరమున 23వ వారములో ఆ టైరు తయారైనదని అర్థము. 2000వ సంవత్సరమునకు ముందు మూడు అంకెలే ఉండెడివి. ఇక్కడ పురాతత్వ శాస్త్రజ్ఞులు వాడు తర్కమే పనిచేయును. ఒక గోడ పునాదిలో ఒక రాజు నాణెము దొరికినచో ఆ గోడ ఆ నాణెమునకు పూర్వపుది కాజాలదు. అట్లే బండితో పుట్టిన భాగములలో మిక్కిలి కొత్తదాని తేదీకి ముందు ఆ బండి పూర్తియై యుండదు. 2016 మార్చి బండియని చెప్పినదాని నాలుగు టైర్లును "2316" అయినచో, టైర్లు మారియుండవలెను, లేక మాట మారియుండవలెను. ఒక్క టైరు చూచి తీర్పు చెప్పరాదు. టైర్లు అరుగును, మారును.

మోటారుసైకిలుకు ఇంకొక సులభమైన గుర్తు కలదు. 2017 ఏప్రిలు 1 నుండి తయారగు ద్విచక్ర వాహనములకు ఇంజను నడచినంతసేపు ముందుదీపము వెలుగుచునే యుండవలెనను నియమము వచ్చినది. 2019 ఏప్రిలు నుండి 125 సి.సి. మించిన అన్ని మోటారుసైకిళ్లకు చక్రములు బిగిసి జారకుండ కాపాడు బ్రేకు ఏర్పాటు తప్పనిసరియైనది. జనగామ రిజిస్ట్రేషనుతో, 2019 అను పేరుతో, ఒకే రంగులో రెండు బండ్లు ప్రక్కప్రక్కన నిలిచియుండవచ్చును. ఒకటి తడిరోడ్డుపై బ్రేకు పట్టినప్పుడు నిలుచును, ఇంకొకటి జారవచ్చును. ఆ తేడా రిజిస్ట్రేషను సంవత్సరములో లేదు, తయారైన నెలలో ఉన్నది.

పొగ విషయమునను అంతే. డీజిలు కారు కిలోమీటరునకు విడువదగు నత్రజని ఆక్సైడుల గరిష్ఠ పరిమితి భారత్ స్టేజి 3లో 500 మిల్లిగ్రాములు, స్టేజి 4లో 250, స్టేజి 6లో 80. నుసి కణముల పరిమితి 50 నుండి 25కు, అక్కడినుండి 4.5కు తగ్గినది. 2010లో హైదరాబాదుతో కలిపి 13 నగరములలో కార్లకు నాలుగవ స్టేజి వచ్చినది. తక్కిన దేశమునకు మూడవదే చాలుననిరి. హైదరాబాదునుండి జనగామ సుమారు 85 కిలోమీటర్లు. ఆ దూరములో గాలికి హద్దురాయి ఎక్కడ పాతిరో ఎవరికిని తెలియదు.

దేశమంతటికి 2017 ఏప్రిలు 1 నుండి నాలుగవ స్టేజి విధింపబడినప్పుడు తేదీల తగవు న్యాయస్థానమునకు ఎక్కినది. ఆ దినమునుండి తయారగు బండ్లు కొత్త ప్రమాణమునకు లోబడవలెనని ఉత్తర్వులో ఉన్నది. తయారీదారులు ఆ మాటనే పట్టుకొనిరి: "తయారు చేయరాదని కదా నియమము! మార్చి 31లోపల తయారైన బండ్లను ఆ తరువాత అమ్ముకొనుటకు అడ్డమేమి? మునుపటి మార్పులలో అట్లే జరిగినది." వారివద్ద నిలువయున్న మూడవ స్టేజి బండ్లు సుమారు 8.24 లక్షలు. అందులో ద్విచక్ర వాహనములే 6.71 లక్షలు. వాదములో బలము లేకపోలేదు. కాని ఏప్రిలునకు ముందు మాసములలో కర్మాగారములు పాతరకపు బండ్లనే కుప్పలు పోసినచో నియమమునకు అర్థమేమి? 2017 మార్చి 29న సుప్రీంకోర్టు, వ్యాపార లాభముకంటె ప్రజల ఆరోగ్యము ముఖ్యమని చెప్పి, ఏప్రిలు 1 నుండి మూడవ స్టేజి బండ్ల అమ్మకమును, రిజిస్ట్రేషనును నిషేధించినది. మార్చి 31లోపల అమ్ముడైనట్లు రుజువున్నవాటికి మాత్రము రిజిస్ట్రేషను అనుమతించినది.

మిగిలినవి రెండే దినములు. షోరూములలో వేల రూపాయల తగ్గింపు ప్రకటించిరి. జనము ఎగబడిరి. భూపాలపల్లి, మహబూబాబాదు, జనగామ జిల్లాలకు అప్పటికి ఆరు నెలలు కూడ నిండలేదు. 25, 26, 27 సంఖ్యల వరుసలలో ఆ వారపు బండ్లు నేటికిని తిరుగుచున్నవి. వాటిపై 2017 అని యున్నను, వాటి యంత్రము వెనుకటి తరమునది. చౌకగా కొనినవారు మోసపోయిరని అనుటకు వీలు లేదు. తెలిసి కొనినవారు చాలమంది. వారినుండి సెకండుహ్యాండుగా కొనినవారి సంగతి వేరు. పత్రములో నెల చూడనివాడు 2017 ధర యిచ్చి వెనుకటి తరపు బండిని కొనియుండును.

2020లో కథ మరల జరిగినది, ఇంకను గందరగోళముగ. నాలుగవ స్టేజి బండ్లను 2020 మార్చి 31 తరువాత అమ్మరాదని న్యాయస్థానము 2018 అక్టోబరులోనే హెచ్చరించియుండెను. అయిదవ స్టేజిని దాటి నేరుగ ఆరవదానికి పోవుట నిర్ణయము. గడువునకు వారము ముందు, మార్చి 25న, కరోనా లాక్‌డౌను వచ్చిపడినది. మిగిలిన నిలువలో పదవ వంతును లాక్‌డౌను ముగిసిన పది దినములలో అమ్ముకొనుటకు మార్చి 27న అనుమతి లభించినది. ఆ హద్దును మీరి అమ్మకములు సాగినట్లు తోచుటతో జూలై 8న కోర్టు ఆ అనుమతిని ఉపసంహరించినది.

ఈ గడువుల చాటున నేరమునకును సందు దొరకినది. అనంతపురము జిల్లాలో 2020లో నమోదైన కేసులలోని అభియోగమిది: 2017 ఏప్రిలు తరువాత తుక్కు క్రింద అమ్మిన మూడవ స్టేజి లారీలను, నాలుగవ స్టేజి వాహనములుగ చూపు పత్రములతో దూరమందలి నాగాలాండులో మొదట రిజిస్టరు చేయించి, నిరభ్యంతర పత్రములతో ఇటు తెచ్చిరని. అభియోగము నిజమో కాదో నిర్ణయించుట న్యాయస్థానముల పని. శాస్త్రదృష్టికి ఇందులో గమనింపదగినది ఒకటి కలదు. పత్రములు ఎన్ని రాష్ట్రములు తిరిగినను, ఇనుముపై చెక్కిన చాసిస్ సంఖ్య తిరగదు. దానిని తయారీదారుని రికార్డుతో సరిచూచినచో బండి ఏ నెలలో, ఏ ప్రమాణముతో పుట్టినదో బయటపడును.

మామూలు గృహస్థునకు ఇంతటి నాటకము ఎదురుకాదు. అతనికి ఎదురగునది డిసెంబరు. కర్మాగారమునుండి షోరూమునకు బండి చేరి అమ్ముడగుటకు వారములో, నెలలో పట్టును. డిసెంబరు 31న తయారైనదానికిని జనవరి 1న తయారైనదానికిని యంత్రములో ఒక దినపు తేడా, బజారులో ఒక సంవత్సరపు తేడా. సంవత్సరాంతపు తగ్గింపులకు ఇదియే మూలము. జనవరిలో కొనువాడు తయారైన నెలను అడిగి తెలిసికొని తగ్గింపు పొందినచో అది న్యాయమైన బేరము. తెలియక పూర్తి ధర యిచ్చినచో అతడు నష్టపడినది కొన్ని సంవత్సరముల తరువాత అమ్మునప్పుడు తెలియును. బీమా లెక్కలో కూడ వయస్సే ప్రధానము: ఆరు నెలల లోపు బండికి విలువలో 5 శాతము తగ్గింతురు, ఒక సంవత్సరము లోపు 15, రెండవ సంవత్సరమున 20, మూడవదానిలో 30, నాలుగవదానిలో 40, అయిదవదానిలో 50 శాతము.

అయితే బండి ఆయుర్దాయమును లెక్కించునప్పుడు చట్టము మరల రిజిస్ట్రేషను వైపునకే మొగ్గినది. 1988 చట్టము 41వ సెక్షను ప్రకారము సొంత బండి రిజిస్ట్రేషను పత్రము జారీయైన తేదీనుండి 15 సంవత్సరములు చెల్లును. పుట్టినరోజు వాహనముపై చెక్కియున్నను, వయస్సు మాత్రము నామకరణమునుండి లెక్కింపబడుచున్నది. 2016 అక్టోబరులో 25, 26, 27 సంఖ్యలతో తొలిసారి రోడ్డెక్కిన బండ్లకు 2031 అక్టోబరులో ఆ గడువు నిండును. వాటిలో 2016 వేసవిలోనే తయారై షోరూములలో వేచియున్నవి అప్పటికి పదునైదేండ్లు దాటి కొన్ని నెలలు గడపియుండును. రవాణా కార్యాలయపు పుస్తకమున మాత్రము అన్నిటి వయస్సును ఒక్కటే.